అన్నాబాలో పొద్దు గుంకింది

పొయ్యి మీద హరీరా చారు అడుగంటుతున్నట్టుంది, వాసన వస్తోంది, లేచి వెళ్ళి గరిటె తిప్పాలి, కానీ లేవలేను, అమ్మ చెయ్యి నా చేతిలో ఉంది, తడిసిన సబ్బులా జారుతోంది, ఎంత గట్టిగా పట్టుకుంటే అంత జారుతోంది. ఇది ఎండకు పట్టిన చెమట కాదు. ఎండ చెమట వెచ్చగా ఉంటుంది, ఇది బావి గోడకు పట్టిన చెమ్మలా చల్లగా ఉంది. మందుల షాపులో బల్ల వెనక తెల్లకోటు వేసుకుని నిలబడి నేను ఎంతమందికి చెప్పి ఉంటాను, రంజాన్ మొదలయ్యే ముందు వారమంతా అదే పాట, వణుకు వచ్చినా, చల్లటి చెమటలు పట్టినా, మాట తడబడినా, కారణం లేకుండా మీద పడి కసురుకున్నా ఇంకేమీ ఆలోచించకండి, చక్కెరో తేనో ఏది దగ్గరుంటే అది నోట్లో వేసేయండి, ఉపవాసం విప్పే అజాన్‌కి ఇంకా ఎంతసేపుందని గడియారం చూడకండి అని. వాళ్ళు తలూపుతారు, నీ చదువు చల్లగా ఉండాలి తల్లీ అని దీవిస్తారు, మందుల సంచి పట్టుకుని వెళ్ళిపోతారు. ఇప్పుడు నేను చూస్తున్నది గడియారాన్నే. పెద్ద ముల్లు కదులుతోందో లేదో తెలియడం లేదు. పొద్దు గుంకడానికి ఇంకా చాలా టైముంది, ఎండాకాలపు రంజాన్ ఇది, పైగా మా ఊరు నెద్రోమా దేశానికి పడమటి అంచున ఉంది, సూర్యుడు అందరి ఇళ్ళూ చూసుకుని ఆఖరికి మా కొండ దిగుతాడు.

ఇందాక తను మగతలో ఉండగా వేలు పొడిచి చక్కెర చూశాను. మెలకువలో ఉంటే పొడవనివ్వదు, పగటిపూట ఒంట్లోకి ఏదీ పోకూడదు, ఒంట్లోంచి ఏదీ రాకూడదు అంటుంది. ఒక్క రక్తపు బొట్టుకు ఉపవాసం చెడదమ్మా అని ఇమామ్ గారు మా గుమ్మంలో నిలబడి చెప్పి వెళ్ళినా, ఆయన రక్తం గురించి ఆయన చెప్పుకున్నాడులే అంది. మిషను మీద అంకె కనబడగానే దాన్ని బోర్లా పెట్టేశాను, కనబడకపోతే ఆ అంకె లేనట్టు, ఇంత చదువుకుని నేను చేసిన మొదటి పని అది. తరవాత తేనె సీసా తెచ్చాను. అమ్మా, మింగక్కర్లేదు, చిగుళ్ళకి రాస్తాను అన్నాను, వేలికి అంటించుకుని పెదాల మధ్యకు పోనిచ్చాను, కొరికింది. వేలి మీద రెండు పళ్ళ గుర్తులు ఇంకా ఎర్రగా ఉన్నాయి. తేనె దిండుకి అంటుకుంది. "ఒట్టేశావు," అంది, నాలుక మడత పడుతున్నా ఆ మాట మాత్రం స్పష్టంగా అంది. వేశాను. నెలవంక కనబడిన సాయంత్రం నా చెయ్యి ఖురాన్ మీద పెట్టించి, పగటి వేళ నా నోట్లో నువ్వు ఏమీ పెట్టవు, నేను తెలివి తప్పి పడున్నా పెట్టవు అని నా చేత అనిపించింది, అన్నాను, అనేస్తే ఆ సాయంత్రానికి గొడవ తీరుతుందనుకున్నాను. పోయిన ఏడాది ఇలాగే అయినప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్ళబోతే గుమ్మం పట్టుకుని వదల్లేదు, అప్పుడు అజాన్ దగ్గర్లోనే ఉంది కాబట్టి బతికిపోయాం. ఇవాళ అంత దగ్గర్లో లేదు. ఈ గంటలో కొండ దిగే టాక్సీ ఒక్కటీ దొరకదు, డ్రైవర్లంతా ఇళ్ళకు చేరుకుంటుంటారు, నోరు తెరవకపోయినా పనిచేసే సూదిమందు ఒకటుంది, మా షాపులో అది నెలల నుంచి లేదు, అది లేదని నాకు తెలుసు, తెలిసీ ఇంకో ఊరు వెళ్ళి వెతకలేదు.

నేను చేసిన తప్పు ఒకటా, ఎన్నో. ఇవాళ తెల్లవారుజామున సహరీ తిండికి లేపాను, ఎప్పటిలాగే ముందు ఇన్సులిన్ ఇచ్చాను, ముందు రొట్టె తిననిచ్చి తరవాత ఇవ్వాలని తెలుసు, నిద్రమత్తులో, గబగబా అయిపోతుందని ముందే ఇచ్చేశాను, పళ్ళెం ఒళ్ళో పెట్టి నేను వంటింట్లోకి వెళ్ళాను. తిన్నావా అమ్మా అంటే తిన్నాను అంది. నేను చూడలేదు. తన మాట మీద నమ్మకం కాదు, చూడటానికి బద్ధకం. తెల్లవారి అజాన్ అయ్యాక పళ్ళెం కడగబోతే రొట్టె ముక్క అలాగే ఉంది, ఒక్క అంచు తుంచి ఉంది, గుడ్డు ముట్టుకోలేదు, తిననిది నాకు తెలియకుండా గుడ్డ కప్పి దాచింది, కళ్ళు సరిగా కనబడని మనిషి అంత నేర్పుగా దాచింది. కడుపులో తిప్పుతోందని చెబితే నేను ఉపవాసం మానమంటానని భయం. అప్పుడే తనను కుదిపి లేపి, అమ్మా నీ ఒంట్లో సూదిమందు ఉంది, తిండి లేదు, ఇవాళ్టికి ఇది ఉపవాసం కాదు, ప్రాణం తీసుకోవడం అని చెప్పాల్సింది. పళ్ళెం కడిగి బోర్లించి పనికి వెళ్ళిపోయాను. నిద్రపోతోంది, నిద్రలో ఒళ్ళు చక్కెర తక్కువ ఖర్చుపెడుతుంది, సాయంత్రం త్వరగా వచ్చేస్తాను, అని నాకు నేను చెప్పుకున్నాను, చెప్పుకుంటూ కొండవాలు సందులన్నీ దిగాను, షాపులో ఎవరో పెద్దాయన తన చక్కెర మందు గురించి అడిగితే ఎంత ఓపిగ్గా, ఎంత ముద్దుగా వివరించాను.

అమ్మ పెదాలు ఎండిపోయి తెల్లగా పొరలు లేచాయి. ఏదో అంటోంది. వంగి విన్నాను. "మగ్గం ఆపించు," అంటోంది, "చెవులు పోతున్నాయి." నాన్న పోయి పన్నెండో పదమూడో రంజాన్లు గడిచాయి, ఆయన మగ్గం విప్పి ఎవరికో ఇచ్చేశాం. మగ్గం లేదమ్మా అన్నాను. కళ్ళు తెరిచి నన్ను చూడలేక చూసి, "నీకేం తెలుసు, పక్కకి పో," అని కసిరింది. ఇది అమ్మ కాదు, చక్కెర తగ్గిన మెదడు, అని తెల్లకోటు చెబుతోంది, ఆ కోటు ఇప్పుడు తలుపు వెనక మేకుకి వేలాడుతోంది. నాకు పట్టా వచ్చిన రోజు అమ్మ దాని అంచులు వేళ్ళతో తడిమి, కుట్టు మీద బొటనవేలు పోనిచ్చి, ఉన్ని కాదేమే ఇది, చలికి ఆగదు అంది, అప్పటికే తన కళ్ళు సగం పోయాయి, ఇంటికొచ్చిన ప్రతివాళ్ళ చేతా దాన్ని తడిమించింది. నాన్న నేసే దుప్పట్లకు ఉన్ని వడికి వడికి నన్ను చదివించింది. నేను పుట్టాక పాలిచ్చిన రెండేళ్ళూ ఉపవాసం ఉండలేకపోయింది, నేను ఎప్పుడూ ఏదో జబ్బుతో ఉండే పిల్లనట, పాలు తగ్గితే దక్కదన్నారట, ఆ రెండు రంజాన్లనీ తరవాత చలికాలాల్లో ఒక్కొక్క రోజూ కూడబెట్టుకుంటూ తీర్చుకుంది. కదురు తిప్పుతూ నీళ్ళైనా తాగని అమ్మ నాకు గుర్తుంది. ఇవాళ ఎందుకు ఉపవాసం అని అడిగితే ఇది నీ రోజు అనేది. నా రోజంటే నా పుట్టినరోజనుకునేదాన్ని.

జబ్బు మనిషి ఉపవాసం ఉండక్కర్లేదు, ఉండకూడదు కూడా, రోజుకొక పేదవాడికి అన్నం పెడితే చాలు, అని ఇమామ్ గారు అన్నప్పుడు అమ్మ నవ్వింది. ఆయన వెళ్ళాక నన్నడిగింది, "ఆ అన్నం రుచి నీకు గుర్తులేదా?" గుర్తుంది. గుర్తులేకపోతే బాగుండేది. పై వీధిలో ముసలాయన ఒకడుండేవాడు, ఉపవాసం ఉండలేని జబ్బు, ఆయన ఉండలేని ప్రతి రోజుకూ మా ఇంటికి ఒక పళ్ళెం వచ్చేది, గోధుమరవ్వతో వండిన కుస్కుస్, దాని మీద పెద్ద మాంసం ముక్క, తీపి చేసిన ఎండు రేగుపళ్ళు. అమ్మా నాన్నా అజాన్ అయ్యాక మా హరీరాయే తాగి, ఆ పళ్ళెం నా ముందుకు తోసేవాళ్ళు. నేను తినేదాన్ని. ఆబగా తినేదాన్ని, ఆ ముసలాయన ఎప్పటికీ బాగుపడకూడదని మనసులో కోరుకునేదాన్ని, ఆ కోరిక సంగతి ఎవరికీ చెప్పలేదు. "ఆ పళ్ళెం పంపించే చెయ్యి నాకు వద్దు," అంది అమ్మ, "అందుకునే చెయ్యి ఎలా ఉంటుందో నాకు తెలుసు." అంతటితో ఆపలేదు. "కళ్ళు పోయాయి. ఉన్ని వడకలేను. వంట నువ్వే చేస్తున్నావు, ఇల్లు నువ్వే ఊడుస్తున్నావు. ఊళ్ళో అందరితో పాటు నేనూ చెయ్యగలిగిన పని ఇదొక్కటే మిగిలింది. ఇదీ లాక్కుంటావా?"  మూత్రపిండాల గురించి, మెదడు గురించి చెప్పగలను, కానీ ఆ ప్రశ్నకి మాత్రం ఏ పుస్తకంలోనూ జవాబు చదవలేదు, అప్పుడు ఊరుకున్నాను, ఊరుకోవడాన్ని గౌరవం అనుకున్నాను. అది గౌరవమో, పిరికితనమో, ఈ చల్లటి చెయ్యి పట్టుకుని కూర్చుంటే తేడా తెలియడం లేదు.

తలుపు చప్పుడైంది, జులైఖా పిన్ని, పక్కింటావిడ, తలుపు కొట్టడం అయ్యేలోపే లోపలికి వచ్చేసే మనిషి, చేతిలో గుడ్డ కప్పిన పళ్ళెం, మాంసం పెట్టి వేయించిన వేడివేడి బూరెక్‌లు. "మాడిపోతోందే నీ హరీరా, చదువుకున్నదానివి, ముక్కు కూడా పని చెయ్యదా?" అంటూ తనే వంటింట్లోకి వెళ్ళి పొయ్యి తగ్గించి వచ్చింది. అమ్మ పడుకుందనుకుంది. "యమీనక్కా, లే, ఒక నవ్వే సంగతి చెబుతా. మా కొత్త అల్లుడు లేడూ, తూరుపు వాడు, నిన్న ఏం చేశాడో తెలుసా? ఇంకా ఎండ పోలేదు, పెరట్లో ఫోనులో వాళ్ళమ్మతో మాట్లాడుతున్నాడు. ఆవిడ అక్కడ్నుంచి, అజాన్ అయింది, తినరా నాయనా అంది. వీడు అక్కడే నిలబడి రెండు ఖర్జూరాలు గుటుక్కున మింగాడు. మేం చూస్తూనే ఉన్నాం, ఆపేలోపే అయిపోయింది. మా పిల్ల తల పట్టుకుంది. నేనన్నాను, ఏం పరవాలేదు నాయనా, నీ కాళ్ళు మా ఇంట్లో ఉన్నా పొట్ట ఇంకా మీ అమ్మ దగ్గరే ఉంది, పండగయ్యాక ఒక రోజు మళ్ళీ ఉండి తీర్చుకో అని." పెద్దగా నవ్వింది, నేను నవ్వలేదని అప్పుడు చూసింది. అమ్మ నుదురు మీద చెయ్యి వేసి చూసి తీసేసింది, నవ్వు పోయింది. "ఎప్పట్నుంచి?" "నేను ఇంటికొచ్చేటప్పటికే ఇలా ఉంది." "నోట్లో ఏమైనా..." నా వేలు చూపించాను. ఆవిడ చాలాసేపు ఆ పళ్ళ గుర్తుల్ని చూసింది. "మీ అమ్మ చిన్నప్పట్నుంచీ అంతే," అంది చివరికి, మెల్లగా, "పెళ్ళినాడు కూడా ఎవరూ తినిపించలేకపోయారు. నువ్వు కూతురివి, నేనేం చెప్పను. నేను ముందు గదిలో ఉంటాలే, పిలువు," అంటూనే, ఇంట్లో మనుమరాలు ఏడుస్తున్నట్టు వినబడి వెళ్ళిపోయింది.

వెళ్ళిపోయింది గానీ ఆ అల్లుణ్ణి ఇక్కడే వదిలేసి వెళ్ళింది. పెరట్లో ఎండలో నిలబడి ఖర్జూరం మింగుతున్న కుర్రాడు నా కళ్ళ ముందు నుంచి కదలడం లేదు. అతను అబద్ధం ఆడలేదు. వాళ్ళమ్మ కూడా ఆడలేదు. అక్కడ నిజంగానే పొద్దు గుంకింది, ఇక్కడ నిజంగానే గుంకలేదు. మధ్యలో ఫోను. ఈ దేశంలో అందరికీ తెలిసిన సంగతే, చిన్నప్పుడు రాజధాని టీవీలో అజాన్ మొదలవగానే నేను చెంచా ఎత్తితే అమ్మ నా మణికట్టు మీద కొట్టేది, అది వాళ్ళ సూర్యుడే, మన సూర్యుడింకా ఆకాశంలోనే ఉన్నాడు అని. అన్నాబా దేశానికి తూర్పు చివర ఉన్న పెద్ద ఊరు. అన్నాబాకీ మాకూ అరగంట పైగా తేడా. గడియారం చూశాను. ఇంకాసేపట్లో అక్కడ పొద్దు గుంకుతుంది. ఆలోచించడం మానేద్దామనుకున్నాను, చెయ్యి అప్పటికే ఫోను తీసి అన్నాబా రేడియో వెతుకుతోంది. ఎప్పుడో రికార్డు చేసిన అజాన్ ఏదో ఒకటి పెట్టినా అమ్మకు తేడా తెలియదు, ఇంకా ముందే పెట్టవచ్చు, ఈ క్షణమే పెట్టవచ్చు, అది ఇంకా మంచిది కూడా, ప్రతి నిమిషానికీ ఆ మెదడులో ఏదో ఒకటి ఆరిపోతోంది. కానీ నేను రికార్డు వద్దనుకున్నాను. నిజంగా ఎక్కడో పొద్దు గుంకాలి, నిజంగా ఒక మనిషి మైకు ముందు నిలబడి పిలవాలి, అప్పుడైతే అది పూర్తి అబద్ధం కాదు, అని నాకు నేను చెప్పుకున్నాను, అంటే నా పాపం కొంచెం చిన్నది కావాలని అమ్మను ఇంకాసేపు ఆ చెమటలో ఉంచాను. ఇది ఎవరు క్షమిస్తారో తెలియదు. నీళ్ళలో చక్కెర కలిపాను, పాలు తెచ్చాను, మెత్తటి ఖర్జూరాలు గింజలు తీసి పెట్టుకున్నాను, కర్టెన్లు పూర్తిగా లాగాను, అమ్మకు వెలుగు మాత్రం తెలుస్తుంది, ఆ వెలుగు కూడా తెలియకూడదు. ఫోను కిటికీ గట్టు మీద, మసీదు ఉన్న వైపుకు పెట్టాను. నా నోరు ఎండిపోయి నాలుక అంగిలికి అంటుకుంటోంది. నేనూ ఉపవాసమే.

రేడియోలో ఖురాన్ చదువుతున్న గొంతు ఆగింది. నిశ్శబ్దం. తరవాత పిలుపు.

అన్నాబా గొంతు మా ఊరి గొంతులా లేదు, సన్నగా, సముద్రపు గాలి తగిలినట్టు సాగుతోంది. అమ్మా, అజాన్ అన్నాను. నా గొంతు నాకే మామూలుగా వినబడింది, అదే నన్ను భయపెట్టింది. అమ్మ కళ్ళు తెరిచింది. ఎక్కడినుంచో, చాలా లోతునుంచి పైకి వచ్చినట్టు వచ్చింది, చెయ్యి గాల్లో వెతికింది, చక్కెర నీళ్ళ గ్లాసు ఆ చేతిలో పెట్టాను, నేను నోట్లో పెట్టలేదు, తనే అందుకుంది, నేను ఒట్టు తప్పలేదు, ఆ మాట కూడా అప్పుడే అనుకున్నాను, అంత నీచంగా, అంత వేగంగా. బిస్మిల్లా అని తాగింది. గొంతు కదలడం చూశాను. ఒక గుక్క, ఇంకొకటి, గడ్డం మీదుగా కారుతోంది, తుడిచాను. ఖర్జూరం నమిలింది, పాలు తాగింది, మళ్ళీ నీళ్ళు. వణుకు వెంటనే పోలేదు, కొంచెం కొంచెంగా, దీపానికి వత్తి ఎగదోసినట్టు ఆ ముఖంలోకి మనిషి తిరిగి వస్తోంది. చేతులు ఎత్తింది. ఉపవాసం విప్పే వేళ చేసే ప్రార్థన దేవుడు తోసెయ్యడని అమ్మ నమ్ముతుంది, ఆ వేళలో తన కోసం ఏమీ అడగదు. "నా కూతురు వసీలాకు తోడుండు," అంది, "దాని చేతికి మంచి పేరివ్వు, దాని నోట మంచి మాట ఇవ్వు." వేళ కాని వేళ అది. ఆ ప్రార్థన ఎటు వెళ్ళిందో, తలుపు మూసి ఉన్న ఇంటి ముందు నిలబడ్డ మనిషిలా ఎక్కడ ఆగిందో. ఆగమ్మా, ఇంకా కాలేదు అని ఒక్క మాట చెప్పి ఉండవచ్చు, ఇప్పటికే తాగింది కదా, ప్రాణం నిలబడింది కదా, ఇంక నిజం చెప్పడానికి ఏమడ్డం. చెప్పలేదు. కూర్చునే నమాజు చేసుకుంది. ఆ నమాజు కూడా చెల్లదు. ఒక్క గ్లాసు నీళ్ళకోసం ఆడిన అబద్ధం, చూస్తుండగానే ఆమె ఒక పగలునీ, ఒక ప్రార్థననీ, ఒక నమాజునీ తినేసింది, నేను గోడకు ఆనుకుని నిలబడి ఆ వంగే వీపును చూశాను.

"హరీరా పట్రా," అంది. గొంతు మామూలయింది. గిన్నె ఒళ్ళో పెట్టాను. మాడు వాసన వస్తోందే అని మూతి తిప్పి, అయినా రెండు చెంచాలు తాగింది. నేను తినడం లేదని అమ్మకు తెలియదు, చప్పుడు కోసం నా గిన్నెలో చెంచా అప్పుడప్పుడూ కదిలిస్తున్నాను. మూడో చెంచా నోటిదాకా వెళ్ళి ఆగింది. కిటికీ అవతల సందులో బంతి గోడకు తగులుతోంది, పిల్లలు గోల చేస్తున్నారు. కర్టెన్లు లాగాను, ఫోను అటు తిప్పి పెట్టాను, అన్నీ ఆలోచించాను, సందు సంగతి ఆలోచించలేదు. "పిల్లలింకా ఇళ్ళకు పోలేదేం?" అంది అమ్మ. వెళ్తారులే అన్నాను. చెంచా అలాగే గాల్లో ఉంది. తల ఒక పక్కకు వంచింది, ఉన్ని వడికేటప్పుడు దారం తెగుతుందేమోనని వినేది, అలా వింది. "జులైఖా వాళ్ళింట్లో చెంచాల చప్పుడు లేదు."  కింద సందు మొదట్లో రొట్టెలవాడు కేక వేశాడు, ఆఖరి రొట్టెలు, వేడి రొట్టెలు అని, అజాన్ అయ్యాక ఈ ఊళ్ళో రొట్టె ఎవరు అమ్ముతారు, ఎవరు కొంటారు. అమ్మ చెంచాను గిన్నెలో పెట్టింది. గిన్నెను ఒళ్ళోంచి తీసి, తడుముకుని, చాప మీద తనకు దూరంగా పెట్టింది. నోట్లో మిగిలిన తడిని కూడా మింగలేదు, కొంగులోకి ఉమ్మేసింది.

"ఏ ఊరిది?" అంది.

"అన్నాబా."

"అన్నాబా," అని నెమ్మదిగా, ఎవరో దూరపు బంధువు పేరు గుర్తుచేసుకున్నట్టు అంది. కోప్పడలేదు. కోప్పడితే నేను చెప్పడానికి చాలా ఉంది, మిషను మీద అంకె చెప్పేదాన్ని, పళ్ళెంలో దాచిన రొట్టె సంగతి తీసేదాన్ని, నువ్వు మాత్రం నాతో నిజం చెప్పావా అని అడిగేదాన్ని. అడగడానికి ఆమె వీలివ్వలేదు. నీళ్ళు తెమ్మంది, పుక్కిలించి ఊసింది, పెదాలు తుడుచుకుంది, మిగిలిన పొద్దైనా మిగలనీ అంది, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేనూ కూర్చున్నాను. అలా ఎంతసేపని చెప్పను, బంతి చప్పుడు, రొట్టెలవాడి కేక, ఎక్కడో బూరెక్‌లు వేగుతున్న నూనె, కర్టెన్ అంచున సన్నటి బంగారు గీత గోడ మీద పైకి పాకుతోంది. అమ్మ బుగ్గల్లో రంగు ఉంది. ఊపిరి సమంగా ఉంది. నేను చూస్తున్నాను, ఇది నేను చేసిన పని, ఈ రంగు నేను తెచ్చింది, మళ్ళీ అదే వేళ వస్తే మళ్ళీ అదే చేస్తాను, చేస్తానని తెలుస్తున్నకొద్దీ సిగ్గు ఎక్కువవుతోంది గానీ తగ్గడం లేదు. తప్పు చేశానని పశ్చాత్తాపపడితే దేవుడు క్షమిస్తాడంటారు. మళ్ళీ చేస్తానని తెలిసిన మనిషి ఏమని పశ్చాత్తాపపడుతుంది. నువ్వు బతకాలి అని నేను అనుకోవడం ప్రేమే, అందులో అనుమానం లేదు, కానీ ఆమెకు మిగిలిన ఒక్క పనిని ఆమెకు తెలియకుండా ఆమె చేతిలోంచి తీసుకున్నాను, కళ్ళు కనబడని మనిషి జేబులోంచి తీసినట్టు.

అప్పుడు మా మసీదు గొంతు లేచింది, ముసలిది, బొంగురుది, మొదటి మాట దగ్గర ఎప్పుడూ కొంచెం దగ్గుతుంది. బంతి ఆగింది. పిల్లల కాళ్ళు పరిగెత్తి ఇళ్ళలోకి దూరాయి. తలుపులు. తరవాత ఊరంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టినట్టు నిశ్శబ్దం, ఆ వెనకే గోడ అవతల జులైఖా పిన్ని ఇంట్లో చెంచాలు.

"నువ్వు తిను," అంది అమ్మ. "నీ ఉపవాసం ముక్కలు కాలేదు."

ఖర్జూరం నోట్లో పెట్టుకున్నాను. నాలుక మీద తీపి తెలిసింది. కడుపు దానికోసం లేచి వచ్చినట్టయింది, ఒళ్ళు ఎంత సిగ్గులేనిదో, ఇంత జరిగాక కూడా దానికి ఆకలి వేస్తుంది, అది మింగింది. అమ్మ మళ్ళీ నమాజుకు చేతులు కట్టుకుంది, మొదటిదాన్ని లెక్కలో వేసుకోకుండా, మొదట్నుంచీ. అయిపోయాక, "పండగయ్యాక ఒక రోజు ఉండాలి నేను," అంది. ఆ మాట వినగానే చెంచా నా చేతిలో ఆగిపోయింది. అవును కదా. పొద్దు గుంకిందనుకుని పొరపాటున తిన్నవాళ్ళు ఆ రోజు మళ్ళీ ఉండాలి, జులైఖా పిన్ని అల్లుడిలాగే, ఇందాక ఆవిడ నవ్వుతూ చెప్పింది, నేను విన్నాను, విని కూడా ఆలోచించలేదు. ఇవాళ్టి నుంచి అమ్మను కాపాడి, ఇంకో రోజును తెచ్చి ఆమె మీద పెట్టాను. రంజాన్‌లో లేని రోజు, ఎవరూ పక్కన ఉండని రోజు, నేను పుట్టించిన రోజు.

"చలికాలంలో ఉందువుగానిలే అమ్మా," అన్నాను, బతిమాలుతున్నట్టే ఉంది నా గొంతు, "పగలు చిన్నగా ఉంటుంది."

"చలికాలంలోనే ఉంటాను. నాకేం సరదానా." కాస్త ఆగి, "హరీరా ఇలా పెట్టు, మాడిందైనా వేడిగా ఉంది," అంది.

గిన్నె మళ్ళీ ఒళ్ళో పెట్టాను. చెంచా చేతికిచ్చాను. తాగుతోంది. "ఆ రోజు నేను సెలవు పెట్టి నీ దగ్గర కూర్చుంటాను," అన్నాను.

అమ్మ చెంచా ఊదుకుంది. "కూర్చో," అంది. "ఫోను మాత్రం జులైఖా ఇంట్లో పెట్టి రా."

సరే అన్నాను. సరే అంటూనే, ఫోను లేకపోతే ఆ సాయంత్రం ఏం చెయ్యాలి, జులైఖా పిన్నిని ఏమని బతిమాలితే నాకోసం ఒక్క అబద్ధం ఆడుతుంది, సందులో పిల్లల్ని ఎలా తొందరగా లోపలికి పంపించాలి, అని నా బుర్ర అప్పుడే వెతకడం మొదలుపెట్టింది.